భయం తగ్గాక ఏడుపు ఎందుకు వస్తుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందు చెబుతాను. మీకు ముప్పై నాలుగేళ్లు. తండ్రి చేతి దెబ్బలు, రాత్రిళ్లు తలుపు చప్పుడుకు ఉలిక్కిపడి లేవడం, తల్లి చూసీ చూడనట్లు ఉండిపోవడం, ఇదీ మీ బాల్యం. రెండేళ్లుగా థెరపీ తీసుకుంటున్నారు. పీడకలలు దాదాపు ఆగిపోయాయి. ఎవరైనా గొంతు పెంచితే ఒళ్లు వణకడం లేదు. అంతా కుదుటపడిందనుకుంటున్న సమయంలో, మూడు నెలలుగా ఏడుపు మొదలైంది. గిన్నెలు తోముతూ ఏడుస్తున్నారు, బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడుస్తున్నారు. "అప్పుడు ఒక్క చుక్క కన్నీరు పెట్టనిదానివి, ఇప్పుడు ఏమొచ్చింది?" అని మీ అమ్మగారు అన్నారు. మీరు అడిగినవాటిలో ముఖ్యమైనవి మూడు. వెనక్కి వెళ్తున్నానా? ఇది ఎప్పుడు ఆగుతుంది? ఆయన్ని క్షమిస్తే తప్ప తగ్గదా? చివర్లో, అడగాలా వద్దా అన్నట్లు, చిన్ననాటి ఫొటోల పెట్టె గురించి కూడా ఒక వాక్యం రాశారు.

ఇలాంటి గాయాలతో వచ్చేవారితో ఇరవై ఏళ్లకు పైగా పని చేస్తున్నాను. మొదటి ప్రశ్నకు నా జవాబు: వెళ్లడం లేదు. మిమ్మల్ని ఎదురుగా చూస్తున్నది మీ థెరపిస్ట్, నేను కాదు. కాబట్టి ఈ మాటకు కొన్ని షరతులున్నాయి, అవి తర్వాత చెబుతాను. అయితే మీరు రాసిన తీరులో నాకు కనిపిస్తున్నది మాత్రం గాయం తిరగబెట్టడం కాదు. మానే పనిలో ఎప్పటి నుంచో వాయిదా పడుతూ వచ్చిన భాగం ఇప్పుడు మొదలైంది.

భయానికీ దుఃఖానికీ ఉన్న తేడా చూడండి. భయం ఎప్పుడూ వర్తమానంలోనే ఉంటుంది. దెబ్బ పడింది పాతికేళ్ల కిందటే అయినా, తలుపు దబాలున మూసుకుంటే మీ ఒంటికి అది ఇప్పుడే, ఇక్కడే. గుండె దడదడలాడటం, భుజాలు బిగుసుకోవడం, ఏ గదిలోకి వెళ్లినా కళ్లు ముందు బయటికి దారి వెతకడం, ఇవన్నీ ప్రమాదం ఇంకా ఉందని నమ్మే శరీరం చేసే పనులు. మానసిక గాయం అంటే నా లెక్కలో ఇదే: జరిగినది జరిగినదిగా మారకుండా, జరుగుతూనే ఉండిపోవడం. దుఃఖం అలా కాదు. దుఃఖించాలంటే అది ముగిసిందని లోపల ఎక్కడో ఒప్పుకోవాలి. చేతిలోంచి జారిపోతున్నదాని కోసం మనిషి పెనుగులాడతాడు. పోయిందని తెలిశాకే కూర్చుని ఏడుస్తాడు.

ఈ సంగతి మన క్రియాపదాల్లోనే ఉంది. 'అయిపోయింది', 'జరిగిపోయింది', 'గడిచిపోయింది' అంటాం. పని పూర్తయిందని చెప్పడానికి వాడే ఆ 'పోయింది', వస్తువు పోయిందనీ, మనిషి పోయాడనీ చెప్పడానికి వాడే మాటే. ముగియడమూ పోగొట్టుకోవడమూ ఒకే ధాతువులో కాపురం చేస్తున్నాయి. రెండేళ్లు కష్టపడి మీ శరీరం 'జరుగుతోంది' దగ్గర నుంచి 'జరిగిపోయింది' దగ్గరికి వచ్చింది. ఆ మాటలో ఉన్న రెండో అర్థం ఇప్పుడు మీకు తగులుతోంది.

మీ అమ్మగారి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. తరుముకొస్తున్నవాడి నుంచి పరుగెత్తే మనిషి కాల్లో దిగిన ముల్లు సంగతి చూసుకోడు. ఆగాకే నొప్పి తెలుస్తుంది. ఏడిస్తే ఇంకో దెబ్బ పడే ఇంట్లో, ఏడవకుండా ఉండటం నేర్చుకున్న ఎనిమిదేళ్ల పిల్ల రాతిగుండెది కాదు, తెలివైనది. ఏడవడానికి కూడా ఒక చోటు కావాలి, దాన్ని చూసి కొట్టని, వెక్కిరించని మనిషి ఒకరు కావాలి. మీకు ముప్పై నాలుగేళ్లకు ఆ చోటు దొరికింది. అది ఆలస్యమే, ఆ ఆలస్యం మీ తప్పు కాదు.

అమెరికాకు చెందిన మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో ప్రచురించిన పుస్తకంలో, గాయం నుంచి కోలుకోవడాన్ని మూడు దశలుగా చెప్పారు. మొదటిది భద్రత. రెండోది జరిగినదాన్ని గుర్తుచేసుకుని దుఃఖించడం. మూడోది మళ్లీ మనుషుల్లో, జీవితంలో కలవడం. దశలు వరసగా, గళ్ల నోటుబుక్కులో రాసినట్లు రావని ఆమే హెచ్చరించారు. నా అనుభవమూ అదే. నేను గమనించింది ఇంకొకటుంది. మొదటి దశ పూర్తవగానే చాలామంది నేరుగా మూడో దశకు దూకాలని చూస్తారు. నిద్ర పడుతోంది, ఉద్యోగానికి వెళ్లగలుగుతున్నాం, ఇక చాలు అనుకుంటారు. అందులో తప్పేమీ లేదు, కొందరికి నిజంగానే అది చాలు. మిగిలినవారికి మధ్య మెట్టు ఎప్పుడో ఒకప్పుడు ఎదురొస్తుంది, సాధారణంగా చాలా చిన్న సంఘటన రూపంలో.

ఒకాయన గురించి చెబుతాను (ఆనవాళ్లు మార్చాను). మీలాంటి బాల్యమే. నలభై దాటాయి, పానిక్ అటాక్‌లు పూర్తిగా తగ్గాయి, థెరపీ ఆపేద్దామని మేమిద్దరం మాట్లాడుకుంటున్నాం. ఒక సాయంత్రం పార్కులో, ముక్కూమొహం తెలియని ఒక తండ్రి మోకాలు చెక్కుకుపోయిన కొడుకు పక్కన కూర్చుని గాయం మీద ఊదుతూ కనిపించాడట. అంతే. ఈయన కారులోకి వెళ్లి గంటసేపు వెక్కి వెక్కి ఏడ్చారు. మర్నాడు వచ్చి అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఎవరూ చనిపోలేదు కదండీ, మరి నేను ఎవరి కోసం ఏడ్చినట్లు?"

దీనికి జవాబు వెతకడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. తేలింది ఏమిటంటే, ఆయన ఏడ్చింది దెబ్బల కోసం కాదు. దెబ్బల గురించి అప్పటికే ఎన్నోసార్లు చెప్పారు. ఏడ్చింది, ఆ ఊదడం కోసం. తనకు జరిగినదాని కన్నా తనకు జరగకుండా పోయినదాని కోసం. భయం జరిగినవాటిని మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. జరగనివాటి చిట్టా దుఃఖం దగ్గర ఉంటుంది. ఎవరూ ఊదని మోకాళ్లు, ఎవరూ రాని స్కూలు వార్షికోత్సవం, చదవాలనుకుని చదవలేకపోయిన చదువు, నమ్మలేక దూరం పెట్టిన స్నేహితులు, భయపడటంలోనే ఖర్చయిపోయిన ఇరవైల వయసు. అలా పెరగకపోయి ఉంటే తయారై ఉండే ఆ మరో మనిషి. చివరగా, అన్నిటికన్నా మొండిది: 'ఏదో ఒక రోజు ఆయన మారతాడు' అన్న ఆశ. ఆ ఆశ పోయినప్పుడు కలిగే దుఃఖం, మనిషి పోయినప్పటి దుఃఖానికి ఏమాత్రం తీసిపోదు. పైగా దానికి శవం లేదు, పరామర్శకు వచ్చేవారూ లేరు.

పరామర్శ లేని దుఃఖాల గురించి కెనెత్ డోకా అనే పరిశోధకుడు 1989లోనే రాశారు. చుట్టూ ఉన్నవారు 'ఇది దుఃఖించదగ్గ విషయమే' అని గుర్తించనప్పుడు మనిషి దుఃఖించే హక్కునే కోల్పోతాడన్నది ఆయన మాటల సారం. పాలీన్ బాస్ అనే పరిశోధకురాలు యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలతో 1970లలో పని చేసి, అస్పష్టమైన నష్టం అనే భావనను తెచ్చారు. మనిషి కళ్ల ముందు లేడు, పోయాడని తేలదు. దాని రెండో రూపం మీకు దగ్గరది: మనిషి కళ్ల ముందే ఉంటాడు, కానీ మీకు కావలసిన మనిషిగా లేడు. మీ తండ్రి బతికే ఉన్నారు. మీకు కావలసిన తండ్రి ఎన్నడూ లేడు. ఇద్దరూ ఒకే కుర్చీలో కూర్చుని ఉంటే ఎవరి కోసం ఏడవాలో మనసుకు అంతుబట్టదు. మీ అమ్మగారి విషయంలోనూ ఇదే జరుగుతోందని మీ ఉత్తరం చదువుతుంటే అనిపించింది. మీరు తండ్రి గురించి నాలుగు పేరాలు, తల్లి గురించి రెండు వాక్యాలు రాశారు. ఆ రెండు వాక్యాలే ఎక్కువ బరువుగా ఉన్నాయి. తొందరేమీ లేదు, ఎప్పుడైనా ఆ వైపు చూడండి.

దుఃఖానికి ఇంకో పని కూడా ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడతారు. 'తప్పు నాదే' అన్న భావన ఉంటుంది చూడండి. బాల్యంలో హింస చూసినవారిలో అది లేనివారు నాకు అరుదుగా తగిలారు. నేను నోరు మూసుకుని ఉంటే కొట్టేవాడు కాదు, మార్కులు బాగా వస్తే కొట్టేవాడు కాదు. బయటివారు వెంటనే 'నీ తప్పేం లేదు' అంటారు. నిజమే, కానీ ఆ మాట తలకెక్కదు. ఎందుకంటే ఆ అపరాధభావం పిల్లకు ఒక సాయం చేసింది. తప్పు నాదైతే, సరిదిద్దుకోవడం నా చేతిలో ఉంది. తప్పు నాది కాకపోతే, నేను ఏం చేసినా ఆగేది కాదని ఒప్పుకోవాలి. ఆ నిస్సహాయత భరించలేనిది, అందుకే పిల్లలు తప్పును నెత్తిన వేసుకుంటారు. పెద్దయ్యాక ఆ నెత్తి మీది బరువు దించుతుంటే, దాని కింద ఇన్నాళ్లూ అణిగి ఉన్న నిస్సహాయత బయటపడుతుంది. దాని సహజమైన భాష ఏడుపే. 'నన్ను నేను తిట్టుకోవడం తగ్గింది, కానీ దిగులు పెరిగింది' అని మీరు రాసిన వాక్యం నాకు ఇలాగే అర్థమైంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. చెరువు నిండితే అలుగు పారాలి, లేకపోతే కట్ట తెగుతుంది అన్నట్లుగా ఏడుపు గురించి మాట్లాడటం మనకు అలవాటు. నేనూ చాలాకాలం అలాగే మాట్లాడాను. అది సగమే నిజం. ఏడ్చినంత మాత్రాన నయం కాదు. ఏడవనివారందరి లోపలా కట్టలు తెగవు. ఆత్మీయులను కోల్పోయినవారిపై మనస్తత్వవేత్త జార్జ్ బొనానో చేసిన పరిశోధనల్లో, తీవ్రమైన శోకం పైకి కనిపించకుండానే నిలదొక్కుకున్నవారు చాలామందే తేలారు. వారు దాచిపెట్టిన దుఃఖం తర్వాత బద్దలవుతుందన్న ఊహ ఎక్కువమంది విషయంలో నిజం కాలేదు. ప్రమాదం జరిగిన వెంటనే బాధితులను కూర్చోబెట్టి ఒకే విడతలో అంతా చెప్పించడం ఒకప్పుడు గొప్ప సాయమనుకునేవారు. పరీక్షించి చూస్తే తర్వాతి సమస్యలను అది ఆపలేదు, కొన్ని అధ్యయనాల్లో కీడే చేసింది. కాబట్టి 'ఏడువు, తేలికపడతావు' అని ఎవరినీ ఒత్తిడి చేయకండి, మిమ్మల్ని మీరు కూడా. పని చేసేది కన్నీరు ఒక్కటే కాదు. ఏది పోయిందో దానికి పేరు పెట్టగలగడం, ఆ సమయంలో ఎవరో ఒకరు పక్కన ఉండటం, ఆ తర్వాత లేచి మామూలు పనిలో పడగలగడం, ఈ మూడూ కలిస్తేనే కదలిక వస్తుంది.

మగవారి విషయం ఒక్క మాట. ఏడ్చే మగవాణ్ని నమ్మకూడదన్న సామెత మన దగ్గర ఎంతమందిని లోపలే ఎండగట్టిందో నేను కళ్లారా చూశాను. చాలామంది మగవారిలో దుఃఖం కోపం వేషంలో వస్తుంది. మీ తమ్ముడి గురించి మీరు రాసింది చదివి ఈ మాట గుర్తొచ్చింది.

ఎప్పుడు ఆగుతుంది? ఈ ప్రశ్నకు తేదీ చెప్పేవారిని నమ్మకండి. 1942లో బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ నైట్‌క్లబ్‌లో అగ్నిప్రమాదం జరిగి 492 మంది మరణించారు. బయటపడినవారినీ, మరణించినవారి బంధువులనూ పరిశీలించిన మనోవైద్యుడు ఎరిక్ లిండెమన్ 1944లో రాసిన వ్యాసంలో, తీవ్ర దుఃఖం అలలుగా వస్తుందనీ, ఒక్కో అల ఇరవై నిమిషాల నుంచి గంట వరకు ఉంటుందనీ వర్ణించారు. గొంతు బిగుసుకుపోవడం, ఊపిరి చాలకపోవడం, నిట్టూర్పులు, కడుపులో ఖాళీ. నేను ఇది చాలామందికి చెబుతాను, ఎందుకంటే అల మధ్యలో ఉన్నప్పుడు 'ఇది మొదలైతే ఇక ఆగదు' అనిపిస్తుంది. ఆగుతుంది. ఈసారి వచ్చినప్పుడు గడియారం చూసుకోండి. అలల మధ్య దూరం పెరుగుతోందా అన్నది నెలకోసారి గమనించండి, రోజూ కాదు.

దుఃఖానికి అయిదు దశలుంటాయన్న సిద్ధాంతం గురించి కూడా అడిగారు, తిరస్కారం దాటి అంగీకారానికి ఎప్పుడు చేరతానని. మనోవైద్యురాలు ఎలిజబెత్ కుబ్లర్‌రాస్ 1969లో ఆ అయిదింటినీ చెప్పింది మరణానికి చేరువైన రోగులతో మాట్లాడి. అది మీరు ఎక్కవలసిన నిచ్చెన కాదు, పక్కన పెట్టేయండి. నాకు ఎక్కువ పనికొచ్చింది 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ అనే పరిశోధకులు ప్రతిపాదించిన ఆలోచన. కోలుకునేవారు పోయినదాని వైపు కొంతసేపు, బతకవలసిన జీవితం వైపు కొంతసేపు, ఊయలలా అటూ ఇటూ ఊగుతారన్నది దాని సారం. ఈ ఊగడమే ఆరోగ్యం. ఉదయం ఏడ్చి మధ్యాహ్నం స్నేహితురాలి జోకుకు నవ్వితే, మీ దుఃఖం అబద్ధం కాదు. రెండు వారాలుగా ఒక వైపే ఉండిపోయారంటే, అది ఎడతెగని ఏడుపు అయినా, ఎడతెగని పని అయినా, అప్పుడు ఆలోచించాలి.

క్షమాపణ సంగతి. క్షమిస్తే తప్ప తగ్గదని మీకు ఎవరు చెప్పారో రాయలేదు. ఎవరైనా సరే, దుఃఖం నయం కావడానికి క్షమాపణ టికెట్టు కాదు. హెర్మన్ గమనించిన విషయం ఒకటి ఇక్కడ పనికొస్తుంది. ప్రతీకారపు ఊహ, క్షమించేశానన్న ఊహ, నష్టపరిహారం దొరుకుతుందన్న ఊహ, మూడూ దుఃఖాన్ని తప్పించుకునే దారులే కావచ్చు. మూడింటిలోనూ మీ విడుదల తాళం చెవి ఎదుటివాడి జేబులోనే ఉంటుంది. వాడు బాధపడాలి, లేదా మారాలి, లేదా తప్పు ఒప్పుకోవాలి. దుఃఖానికి మాత్రం ఆయన సహకారం అక్కర్లేదు. ఏడిస్తే ఆయన గెలిచినట్లు అనిపిస్తోందని రాశారు, చాలామందికి అలాగే అనిపిస్తుంది. నేను దాన్ని ఇలా చూస్తాను: ఆయన ఆ ఇంట్లో మొట్టమొదట నిషేధించింది మీ ఏడుపునే. ఆ నిషేధాన్ని మీరు ఇప్పుడు ఉల్లంఘిస్తున్నారు. ఎప్పటికైనా క్షమిస్తారో లేదో అది మీ ఇష్టం, దానికి గడువు లేదు.

ఇక షరతులు. దుఃఖమా, గాయం తిరగబెట్టిందా అన్నది తేల్చుకోవడానికి నేను వాడే గుర్తు ఒకటుంది. దుఃఖంలో మీరు ఇక్కడ ఉండి అక్కడికి చూస్తారు. ఫ్లాష్‌బ్యాక్‌లో మీరు అక్కడే ఉంటారు, ఈ గది, ఈ వయసు, ఈ సంవత్సరం మాయమవుతాయి. రెండోది మళ్లీ మొదలైతే, లేదా ఏడ్చాక గంటల తరబడి ఒళ్లు మొద్దుబారి ఎక్కడున్నారో తెలియకపోతే, గతం తవ్వడం ఆపి భద్రత పనికి తిరిగి రావాలని మీ థెరపిస్ట్‌తో చెప్పండి. అది ఓటమి కాదు, మోతాదు తగ్గించడం. కుంగుబాటు సంగతి వేరు. దుఃఖంలో లోకం ఖాళీగా కనిపిస్తుంది, కుంగుబాటులో తానే ఖాళీగా, పనికిరానిదిగా కనిపిస్తుంది. ఈ తేడాను ఫ్రాయిడ్ 1917లోనే పట్టుకున్నారు, నూరేళ్ల తర్వాత కూడా ఉపయోగపడుతోంది. మీ ఉత్తరంలో లోకం మీద దిగులు ఉంది, మీ మీద అసహ్యం లేదు. అందుకే మొదట్లో ధైర్యంగా చెప్పాను. నిద్ర, తిండి పూర్తిగా పాడైతే, మద్యం మీద ఆధారపడటం మొదలైతే, తర్వాతి సిట్టింగ్ దాకా ఆగకండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే డాక్టరును కలవండి, అంతవరకు ఒంటరిగా ఉండకండి.

ఇంటర్నెట్‌లో చదివి 'దీర్ఘకాలిక శోక రుగ్మత నాకుందా' అని కూడా అడిగారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2022లో దాన్ని తన మానసిక రుగ్మతల జాబితాలో చేర్చింది. పెద్దవారిలో ఆత్మీయులు మరణించి కనీసం ఏడాది, పిల్లల్లో ఆరు నెలలు గడిచాక కూడా ఆ శోకం రోజువారీ జీవితాన్ని స్తంభింపజేస్తుంటే వర్తిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆరు నెలలు. రెండూ మరణం వల్ల కలిగిన శోకం గురించే. మీ విషయానికి ఆ గడియారం వర్తించదు.

ఇది చదివే వారిలో ఆత్మీయులను ప్రమాదంలోనో హత్యలోనో పోగొట్టుకున్నవారు ఉంటే, వారి దారి కొంచెం వేరు. అక్కడ గాయమే దుఃఖానికి అడ్డు నిలుస్తుంది. పోయిన మనిషిని తలుచుకోబోతే ప్రతిసారీ పోయిన తీరు ముందుకొస్తుంది, అందుకని అసలు తలుచుకోవడమే మానేస్తారు. అలాంటప్పుడు ముందు ఆ ఆఖరి దృశ్యం పట్టు సడలించే చికిత్స అవసరం పడవచ్చు. అది సడలాక ఆ మనిషి నవ్వు, గొంతు, అలకలు తిరిగొస్తాయి, ఏడుపుతో పాటు.

చివరికి ఫొటోల పెట్టె. పన్నెండేళ్లుగా అటక మీద ఉందనీ, చూడాలనీ, చూస్తే ఏమవుతుందోననీ రాశారు. చూడండి, కానీ ఒక్కరే వద్దు, రాత్రి వద్దు. మీ థెరపిస్ట్ ఒప్పుకుంటే మొదటిసారి అక్కడికే తీసుకెళ్లండి. మూడు ఫొటోలు చాలు. మీరు ఒంటరిగా ఉన్న ఫొటోతో మొదలుపెట్టండి, ఆయన ఉన్నదానితో కాదు. ఆ పిల్ల చేతులు ఎలా పెట్టుకుని నిలబడిందో, ఎవరి వైపు చూస్తోందో చూడండి. ఆ పిల్లకు ఏం దొరకలేదో ఒక కాగితం మీద రాయండి. 'ప్రేమ' లాంటి పెద్ద మాటలు వద్దు, 'జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీద చెయ్యి' లాంటివి రాయండి. అరగంట అయ్యాక పెట్టె మూసేసి, ఎవరితోనైనా కలిసి ఏదైనా తినండి. మిగిలిన ఫొటోలు ఎక్కడికీ పోవు.